నాలుగు శిఖరాలు అయ్యాయి, ఐదో దాన్ని మళ్లీ నా మడమే ఆపింది

నిన్న నేను, నా ఫ్రెండ్ కలిసి ఒకే రోజులో ఐదు శిఖరాలు అనుకుని బయల్దేరాం. నాలుగు అయ్యాయి. ఐదో దాని కింద కనుమలో నిలబడితే కొన మీద పేర్చిన రాళ్లు కూడా కనిపిస్తున్నాయి. ఇంకా 160 మీటర్లు ఎక్కితే చాలు. ఆకాశం తేటగా ఉంది, చేతిలో టైమ్ ఉంది, ఊపిరి ఆడుతోంది. ఆపింది నా కుడి మడమ మీద లేచిన బొబ్బ. ఈ శిఖరాలను కలిపే గట్టు మీదికి రావడం ఇది నాలుగోసారి. నాలుగుసార్లూ అదే కాలు, అదే చోటు. చాలా బాధగా ఉంది, కానీ ఈసారి మొదటిసారిగా ఒక దారి దొరికినట్టు అనిపిస్తోంది. మర్చిపోకముందే అన్నీ రాసి పెడుతున్నాను.

ముందు లెక్కలు. తెల్లవారుజామున 3:20కి 2,600 మీటర్ల దగ్గర మొదలుపెట్టాం. శిఖరాలు వరుసగా 3,420, 3,615, 3,780, 3,910 మీటర్లు. మధ్యలో దిగినవి మళ్లీ ఎక్కడంతో కలిపి మొత్తం ఎక్కుడు 1,575 మీటర్లు, నడక 17 కిలోమీటర్లు. 1892లో స్కాట్లండ్ పర్వతారోహకుడు నైస్మిత్ చెప్పిన నడక సమయం లెక్క ప్రకారం (5 కిలోమీటర్లకు గంట, పైన ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకి ఇంకో గంట) ఇది ఆరు గంటల పని. మాకు 11 గంటల 10 నిమిషాలు పట్టింది. 3,900 మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదాంట్లో సుమారు 62 శాతమే. అంత ఎత్తులో ఆ లెక్కకు కనీసం సగం కలుపుకోవాలని నా అభిప్రాయం. మిగతా ఆలస్యమంతా మడమ పుణ్యమే.

మొదటి శిఖరం మీద సూర్యోదయం దొరికింది. మూడోది ఎక్కేటప్పుడు చేతులు వాడాల్సి వచ్చిన రాతి భాగాన్ని పోయినసారి కంటే చాలా తేలిగ్గా దాటాం. తలనొప్పి ఇద్దరికీ రాలేదు.

ఇక మడమ సంగతి. మొదటిసారి వచ్చినప్పుడు పాత బూట్లే కరిచాయనుకుని మార్చేశాను. రెండోసారి అర సైజు పెద్దవి వేసుకున్నాను, ఇంకా ఘోరం. మూడోసారి రెండు జతల సాక్స్. ఈసారి తెలిసిన ఉపాయాలన్నీ కలిపేశాను: లోపల ఇన్‌జింజీ వేళ్ల సాక్స్, పైన డార్న్ టఫ్ ఉన్ని సాక్స్, మడమ మీద ల్యూకోటేప్ (చర్మానికి గట్టిగా అతుక్కునే టేపు), లేసులకు మడమ కదలకుండా పట్టే పై కన్నాల ముడి. మడమ వేడెక్కడం, అంటే బొబ్బకు ముందు వచ్చే మంట, మొదటిసారి 3,000 మీటర్ల దగ్గర మొదలైంది, రెండోసారి 2,950, మూడోసారి 3,300, ఈసారి 3,450. అంటే ఉపాయాలు పనిచేస్తున్నాయి, కానీ వాయిదా వెయ్యడం వరకే.

మొదటి శిఖరం దిగి రెండోది ఎక్కడం మొదలుపెట్టగానే వేడి తెలిసింది. ఆగి బూటు విప్పి చూశాం. టేపు ఎక్కడా ఊడలేదు, అంచు కూడా చుట్టుకోలేదు. టేపుల్లో ల్యూకోటేప్‌ను మించింది నేను చూడలేదు. అయినా దాని కింద చర్మం ఎర్రబడింది. అక్కడే నాకు అనుమానం వచ్చింది. బొబ్బ వచ్చేది పైపైన రుద్దుకోవడం వల్ల కాదు. పై చర్మం సాక్స్‌కు అంటుకుని ఉండిపోతుంది, లోపలి ఎముక మాత్రం అడుగడుగుకీ పైకీ కిందికీ కదులుతుంది. ఆ రెంటి మధ్య పొరలు సాగి సాగి చివరికి విడిపోతాయి, ఆ ఖాళీలో నీరు చేరుతుంది. కాబట్టి టేపు చర్మాన్ని గీసుకుపోకుండా కాపాడుతుంది గానీ, లోపలి సాగుడును పూర్తిగా ఆపలేదు. ఎముక అంతగా ఎందుకు కదులుతోందన్నదే అసలు ప్రశ్న.

చెమట అనుకుందామంటే, సాక్స్ తూచాను. పొడిగా ఉన్నప్పుడు కుడిది 36 గ్రాములు, ఎడమది 35. విప్పిన వెంటనే కవర్లో కట్టి తెచ్చి తూస్తే కుడిది 49, ఎడమది 47. తడి రెంటికీ దాదాపు ఒకటే, బొబ్బ మాత్రం కుడికే. తడి వల్ల పట్టు పెరిగి బొబ్బలు త్వరగా వస్తాయన్నది నిజమే, కానీ నా సమస్యకు మూలం అది కాదు.

రెండో శిఖరం మీద మా వాడు మార్కర్ తీసి, రెండు కాళ్ల సాక్స్ మీదా బూటు అంచు వెంట గీత గీశాడు. ఏటవాలులో నేను అడుగేస్తుంటే వెనక నుంచి ఫోటోలు తీశాడు. ఆగినప్పుడు స్కేలుతో కొలిస్తే ఎడమ మడమ 3 మిల్లీమీటర్లు లేస్తోంది, కుడిది 9. లేసులు ఇంకా బిగించాను. 9 కాస్తా 7 అయింది, పాదం మీద మొద్దుబారడం మొదలైంది. మళ్లీ వదులు చేశాను.

నాలుగో శిఖరానికి 260 మీటర్ల ఎక్కుడు. వాడు నా వెనకే వస్తున్నాడు. సగంలో, “ఒరేయ్, ఆగు. నీ ఎడమ మడమ నేలకి ఆనుతోంది, కుడిది ఆనట్లేదు. కుడి కాలితో మునివేళ్ల మీదే ఎక్కుతున్నావు,” అన్నాడు. నాకు అస్సలు తెలియదు. కావాలని మడమ ఆనించి చూశాను. చీలమండ ముందు వైపు ఏదో అడ్డుపడినట్టు ఆగిపోయింది, మోకాలు ముందుకి రాలేదు. ఎప్పుడో ఆ చీలమండ బెణికింది. నొప్పి పోయింది కదా అని మళ్లీ దాన్ని పట్టించుకోలేదు.

కనుమ చేరేసరికి బొబ్బ 24 మిల్లీమీటర్ల పొడవు, 15 వెడల్పు. లోపల తేట నీరు. పగలగొట్టలేదు, జెల్ ప్యాడ్ అతికించాను. ఐదోది చూసి, నేను “వెళ్దాం, ఏమీ కాదు” అన్నాను. “అది పగిలితే 1,100 మీటర్లు ఎలా దిగుతావురా? కొండ ఎక్కడికీ పోదు,” అన్నాడు వాడు. వాడన్నది నిజం. పక్క దారిలో దిగిపోయాం. దిగుడంతా మడమ నొప్పి లేదు, ఎందుకంటే దిగేటప్పుడు పాదం ముందుకి జరుగుతుంది, చీలమండ అంతగా వంగాల్సిన పని ఉండదు. కుడి మడమ ఆనట్లేదన్న వాడి మాటకే ఇది కూడా బలం ఇస్తోంది.

ఇంటికి రాగానే గోడ పరీక్ష చేశాను. మడమ నేలకి ఆనించి ఉంచి, మోకాలు గోడకి తగిలేలా వంచాలి. అలా తగులుతూ ఉండగా బొటనవేలు గోడకి ఎంత దూరంలో పెట్టగలమో కొలవాలి. ఎడమ 11 సెంటీమీటర్లు, కుడి 6.5. మూడుసార్లు కొలిచాను, తేడా అర సెంటీమీటర్ దాటలేదు. నా ఊహ ఇది: చీలమండ వంగట్లేదు కాబట్టి ఏటవాలులో మడమ ముందే లేచిపోతోంది, బూటు మడమ దాన్ని కిందికి పట్టుకుంటోంది, ఆ గుంజుడంతా చర్మం పొరల మీద పడుతోంది. ఇదే నిజమైతే ఇన్నాళ్లూ బూట్ల మీద, సాక్స్ మీద పెట్టిన శ్రమ తప్పు చోట పెట్టినట్టే.

బొబ్బ మానగానే పిక్కల సాగదీత మొదలుపెడతాను, మోకాలు నిటారుగా ఒకసారి, వంచి ఒకసారి, రోజుకు రెండు పూటలు. నిజంగా అడ్డు ఎముక దగ్గరే ఉంటే సాగదీత ఒక్కటే సరిపోదు, అందుకే ఫిజియోథెరపిస్ట్‌కి కూడా చూపిస్తాను. రెండో ప్రయోగం, కుడి బూటులో మడమ కింద 6 మిల్లీమీటర్ల మెత్త. మడమ ఎత్తు పెరిగితే చీలమండ అంత వంగక్కర్లేదు. కానీ పాదం బూటులో పైకి వచ్చి పట్టు తగ్గుతుందేమోనని అనుమానం, కాబట్టి ముందు 3 మిల్లీమీటర్లతో చూస్తాను. మూడోది, నిటారుగా ఎక్కకుండా వంకరలు తిరుగుతూ ఎక్కడం. దూరం పెరిగినా మడమ నేలకి ఆనుతుంది.

మా వాడు ఇంకో మాట అన్నాడు. ఈసారి ఐదో శిఖరంతోనే మొదలుపెట్టి గట్టును వెనక నుంచి నడుద్దామని. అప్పుడు మొదటి ఎక్కుడే 1,260 మీటర్లు అవుతుంది, అంతా ఒకే వాలు. మడమకి అసలైన పరీక్ష అదే. గోడ దగ్గర కుడి కాలు 9 సెంటీమీటర్లు దాటిన రోజు వాడికి ఫోన్ చేస్తాను. ఈ ఉదయం కొలిస్తే 6.5 దగ్గరే ఉంది.