బొటనవేలు పైకి లేచింది

"మొకం కడుక్కుంటే పడిపోతన్నాను డాక్టరమ్మా. కళ్ళు మూసేనంటే కాళ్ళ కింద నేలుందో లేదో తెలీదు."

సింహాచలం కొండ కింద సంపెంగలు అమ్ముకునే పెద్దాయన. (ఆయన సరేనన్నాకే రాస్తున్నాను, ఆనవాళ్ళు కొన్ని మార్చాను.) 12 ఏళ్ళుగా షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతున్నాడు. అప్పన్నకు మొక్కుకుని నీచు మానేశాడు, పాలు పడవు. ఫైలు నిండా 'షుగర్ తిమ్మిర్లు' అన్న చీటీలే. కాళ్ళు పట్టుకుని చూసినట్టు మాత్రం ఒక్క ముక్క లేదు. చదివి బాధేసింది.

"చేతులెలా ఉన్నాయి బాబాయ్?"

"పూలు కడతన్నప్పుడు దారం వేళ్ళకి తగల్డం లేదమ్మా. కాళ్ళతో పాటే మొదలైంది."

అక్కడే ఆగాను. షుగరు తిమ్మిరి సాధారణంగా పాదాల్లో మొదలై మోకాళ్ళ దాకా పాకాక గానీ చేతులకు రాదు.

128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కు, అంటే కొడితే అదిరే లోహపు పనిముట్టు, ముందు ఛాతీ ఎముక మీద పెట్టాను. అదురు ఎలా ఉంటుందో రోగికి ముందే తెలియాలి. తర్వాత బొటనవేలి మీద, చీలమండ మీద. "ఏటీ లేదమ్మా." మోకాలి మీద పెడితే కాస్త తెలిసింది. కళ్ళు మూయించి బొటనవేలిని పక్కల నుంచి పట్టుకుని కదిపాను. పైనా కిందా పట్టుకుంటే వేలి ఒత్తిడే జవాబు చెప్పేస్తుంది. పైకో కిందకో ఆయన ఊహించి చెబుతున్నాడు. పాదాలు జోడించి నిలబెట్టి కళ్ళు మూయమన్నాను. నా చేతులు ఆయన నడుముకు జానెడు దూరంలోనే ఉన్నాయి. తూలగానే పట్టుకున్నాను.

ఇంతవరకూ షుగరే అనుకోవచ్చు. చీలమండ దగ్గర సుత్తితో కొడితే కదలిక లేదు. రెండు చేతుల వేళ్ళూ కొక్కెంలా పెనవేసి లాగమని కొట్టినా లేదు. అదీ షుగరుకు సరిపోతుంది. మోకాలి దగ్గర కొట్టగానే మాత్రం కాలు ఎగిరిపడింది. నరాలు మాత్రమే దెబ్బతింటే అలా ఎగరదు.

అప్పుడు అరికాలి బయటి అంచు వెంట మడమ నుంచి చిటికెన వేలి దాకా, అక్కణ్ణించి బొటనవేలి వైపు మెల్లగా గీశాను. బొటనవేలు నెమ్మదిగా పైకి లేచింది. మిగతా వేళ్ళు విసనకర్రలా విచ్చుకున్నాయి. 1896లో పారిస్‌లో బాబిన్‌స్కీ అనే నరాల డాక్టరు చెప్పిన గుర్తు. ఏడాది నిండని పాపాయిలో ఇది మామూలే. పెద్దవాళ్ళలో కనిపిస్తే మెదడు నుంచి వెన్నుపాములోకి దిగే దారి దెబ్బతిన్నట్టు. నరాలూ వెన్నుపామూ రెండూ కలిసి దెబ్బతిన్నాయంటే ముందుగా బి12 విటమిన్ లోపం గుర్తుకు రావాలి. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే ఆ విటమిన్ తగ్గుతుంది, నీచూ పాలూ లేని తిండిలోనూ అందడం లేదు. రక్తపరీక్ష అదే చెప్పింది. మెడ దగ్గర వెన్నుపాము నొక్కుకుపోలేదని ఎమ్మారైలో చూసుకుని ఇంజెక్షన్లు మొదలుపెట్టాం.

మూడు నెలలకు వచ్చాడు. దారం వేళ్ళకు తెలుస్తోందట. బొటనవేలు ఇంకా పైకే లేస్తోంది.

"ఆషాఢానికి గిరి ప్రదక్షిణ చేసేస్తానా అమ్మా?"

32 కిలోమీటర్లు, అందులో సగం రాత్రి నడక. పాదాలు జోడించి కళ్ళు మూయమన్నాను. ఊగాడు, పడలేదు. నా చేతులు ఆయన నడుము దగ్గరే ఉంచాను.