డోర్నకల్‌కు మామయ్యతో

మా మామయ్యకు ఎనభై రెండేళ్లు. సీఎస్ఐ (చర్చి ఆఫ్ సౌత్ ఇండియా) సంఘంలో ముప్పై ఎనిమిదేళ్లు పాస్టరుగా చేసి రిటైరయ్యాడు. చేసినవన్నీ పల్లెటూరి పాస్టరేట్లే. మా వాళ్లంతా ఆయన్ని 'అయ్యగారు' అంటారు. మా అమ్మ కూడా సొంత తమ్ముణ్ని అలాగే పిలిచేది. నేను మాత్రం మామయ్యా అంటాను. అయ్యగారూ అని పిలిచే వరుస నాకు తెగిపోయి చాలా కాలమైంది.

డిసెంబరు చివర్లో ఫోన్ చేశాడు. "అల్లుడూ, ఒకసారి డోర్నకల్ చూడాలని ఉంది. మోకాళ్లు ఇంకో ఏడాది ఆగేట్టు లేవు" అన్నాడు. జనవరి 6న ఎపిఫనీ పండుగ. తూర్పు దేశపు జ్ఞానులు బాల యేసును చూడ్డానికి వచ్చారని తలచుకునే రోజు. డోర్నకల్ కేథడ్రల్‌కి పేరు ఆ పండుగదే, 1939లో దాని ప్రతిష్ఠ జరిగిందీ ఆ రోజునే. పండుగనాడు జనంలో తోసుకోలేను, మర్నాడు పోదాం అన్నాడు. అట్లా ఏడో తారీకు పొద్దున్నే సికింద్రాబాద్‌లో రైలెక్కాం.

కాజీపేట దాటగానే మామయ్య సంచీలోంచి ఒక నోటు పుస్తకం తీశాడు. అట్ట చిరిగితే ఖాకీ కాగితం అంటించి ఉంది. వేలు పెట్టుకుంటూ, పెదాలు కదుపుతూ ఒక్కో పేజీ చదువుతున్నాడు. ఏంటని అడిగితే "పేర్లు" అన్నాడు. రోజూ ప్రార్థనలో తలచుకునేవాళ్లట. నేను సెల్‌ఫోన్లో పడిపోయాను. నెక్కొండ, కేసముద్రం, మహబూబాబాద్ దాటినా ఆయన అందులోనే ఉన్నాడు. గార్ల వచ్చాక పుస్తకం మూసి, "నిన్నటివి కొన్ని మిగిలిపోయినయ్, అందుకే ఆలస్యం" అన్నాడు, ఎవరికో బాకీ ఉన్నట్టు.

డోర్నకల్ జంక్షన్ పెద్ద ఊరేమీ కాదు. కాజీపేట నుంచి బెజవాడ పోయే లైనులో, కొత్తగూడెం వైపు పట్టాలు చీలే చోటు. వందేళ్ల కిందట ఇది నిజాం రాజ్యంలో ఒక మూల. అలాంటి చోటుకి బిషప్పుగా వచ్చిన మనిషి వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునల్వేలి జిల్లా వెళ్లాలన్‌విళైలో 1874లో పుట్టారు. తండ్రి పల్లెటూరి పాస్టరే. అక్కడి తమిళ క్రైస్తవులు డబ్బులు పోగుచేసుకుని 1903లో సొంతంగా ఒక మిషనరీ సంఘం పెట్టుకున్నారు. పెట్టించినవాళ్లలో ఈయనా ఒకరు. పనిచేయడానికి ఎంచుకున్న చోటు తెలుగు నేల. ఊళ్లూళ్లూ తిరిగి ఇతరుల్ని పొమ్మని ప్రసంగాలు చేసిన మనిషి, మరి నేనెందుకు పోవట్లేదని తనని తాను అడుక్కుని 1909లో వచ్చేశారు. తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కేథడ్రల్‌లో బిషప్పుగా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లాండు చర్చి సంప్రదాయపు సంఘంలో, తొలి భారతీయ బిషప్పు ఆయనే. తెల్ల మిషనరీల్లో చాలామందికి ఇది మింగుడు పడలేదు. ఒక నల్లవాడి చేతి కింద పనిచేయడమా అన్నది అసలు బాధ. పైకి మాత్రం అనుభవం చాలదన్నారు.

అంతకు రెండేళ్ల ముందు, 1910లో, ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. వచ్చిన వెయ్యిమందికి పైగా ప్రతినిధుల్లో ఆసియా వాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అక్కడ నిలబడి ఈయన అన్న మాట సారాంశం ఇది: మీరు మా పేదలకు మీ ఆస్తి ఇచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితుల్ని ఇవ్వండి. సభలో కొందరికి కోపం వచ్చింది. రాదా మరి!

స్టేషన్ నుంచి ఆటోలో వెళ్లాం. కేథడ్రల్ గేటు దగ్గర దిగగానే మామయ్య చెప్పులు విప్పేశాడు. లోపలికెళ్లాక విప్పొచ్చు కదా అంటే వినలేదు. నిన్నటి పండుగ తాలూకు రంగు కాగితాలు ఇంకా గాలికి కొట్టుకుంటున్నాయి. ఒకామె చీపురుతో ఊడుస్తోంది, దుమ్ము లేస్తోంది.

ఈ గుడిని మొదటిసారి చూసేవాడు ఇదేమిటని ఆగిపోతాడు. మసీదు మీద ఉండేలాంటి గుమ్మటాలు, మినార్లలాంటి బురుజులు. లోపలికెళ్తే దేవాలయం మంటపంలో ఉన్నట్టు రాతి స్తంభాలు. మెదక్‌లో పోస్నెట్ దొర కట్టించిన కేథడ్రల్ 1924లో పూర్తయింది. అది అచ్చం ఇంగ్లాండులోంచి ఎత్తుకొచ్చి పెట్టినట్టుంటుంది. అందమైనదే, కాదనను. కానీ డోర్నకల్ గుడి చూస్తే మన ఊరి చెరువు గట్టు మీద మొలిచినట్టు అనిపిస్తుంది. తన జనం పరాయి ఇంటికి వచ్చామనుకోకూడదని అజరయ్య పంతం.

మామయ్య మోకాళ్ల మీద కూర్చోలేక బల్ల అంచు మీద కూర్చుని కళ్లు మూసుకున్నాడు. నేను స్తంభాలు చూస్తూ తిరిగాను. ఎందుకో అమ్మమ్మ గుర్తొచ్చింది. మా తాతయ్య ఈ డయాసిస్‌లోనే, అంటే ఈ బిషప్పు కింది ప్రాంతంలోనే, ఒక పల్లెలో ఉపదేశి. పగలు పిల్లలకు అఆలు, రాత్రి పెద్దలకు వాక్యం. అమ్మమ్మ పొయ్యి పక్కన ఒక చిన్న కుండ ఉండేది. వండబోయే ముందు ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి అందులో వేసేది. ఆదివారం అది గుడికి పోయేది. ఇంట్లో గంజి తాగిన రోజుల్లో కూడా ఆ పిడికెడు ఆగలేదని మా అమ్మ కోపంగానే చెప్పేది. ఇవ్వడం నేర్చుకోని సంఘం ఎప్పటికీ పరాయి సొమ్ము మీద బతికే బిడ్డలాగే ఉంటుందన్నది అజరయ్య నమ్మకం. దాని మీద పుస్తకమే రాశారు. ఇవాళ టీవీలో దశమభాగాల (సంపాదనలో పదో వంతు కానుక) గురించి గొంతు చించుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది గానీ, ఆ కుండ మీద మాత్రం ఎప్పుడూ కోపం రాలేదు. ఆ బియ్యం ఎవరి కారులో పెట్రోలుగానూ మారలేదు.

అమ్మమ్మకి ఇంకో అలవాటు. పని ఎక్కువైనప్పుడు అరచెయ్యి నెత్తిన పెట్టుకుని "అయ్యో, నాకు శ్రమ" అనేది. తలనొప్పేమో అనుకునేవాణ్ని. చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అజరయ్య బాప్తిస్మం ఇచ్చేటప్పుడు, తీసుకున్నవాళ్ల చేత వాళ్ల చెయ్యి వాళ్ల నెత్తి మీదే పెట్టించి చెప్పించేవారట: నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ని, సువార్తను ప్రకటింపకపోయినయెడల నాకు శ్రమ. కొరింథీయులకు పౌలు రాసిన మాట అది. దానికి ముందున్నది ఇంకా బరువైనది: "భారము నామీద మోపబడియున్నది." చదువు రాని కూలీ మనిషి నెత్తిన కూడా అదే బరువు. బిషప్పుకి ఎంతో అంతే. అమ్మమ్మ బహుశా వంటింట్లో దాన్ని సరదాకి వాడుకుంది. బరువు మాత్రం దించలేదు.

"ఆయన ఎడ్లబండి మీద వచ్చేటోడంట" అన్నాడు మామయ్య కళ్లు తెరిచి. "మా అమ్మ చెప్పేది. దిగంగనే ముందు పేట అంతా తిరిగి చూసేటోడు. నాలుగు దయ్యాలు పోయినయా లేదా అని." ఆ నాలుగూ నాకూ తెలుసు: మురికి, రోగం, అప్పు, తాగుడు. ప్రసంగం కంటే ముందు వీటి గురించి అడిగేవారట. మాల, మాదిగ పేటల్లో ఎక్కువగా పెరిగిన సంఘం అది. 1930ల మధ్యకి డయాసిస్‌లో ఆంగ్లికన్ క్రైస్తవులు రెండు లక్షలు దాటారు. ఐదో దయ్యం కులం. దాంతోనూ పోట్లాడారు. అది మాత్రం పోలేదు, కమిటీ ఎలక్షన్లప్పుడు ఇప్పటికీ ముందు వరసలో కూర్చుంటుంది.

అప్పుడే అడిగాను, ఎన్నాళ్లుగానో అడగాలనుకున్నది. "మామయ్యా, మీకెప్పుడూ నమ్మకం పోలేదా?"

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. "మీ అత్తయ్య పోయినంక నాలుగేండ్లు. ప్రార్థన చేస్తుంటే ఖాళీ డబ్బాలో మాట్లాడినట్టుండేది. ఎవరికీ చెప్పలే. పొద్దుగాల లేచి గంట కొట్టేటోణ్ని. ముగ్గురొస్తే ముగ్గురికి, ఎవ్వరూ రాకపోతే బల్లలకి ఆరాధన చెప్పేటోణ్ని. జబ్బుపడ్డోళ్ల ఇండ్లకి పోయేటోణ్ని. రొట్టె, ద్రాక్షరసం సంస్కారం పంచేటోణ్ని."

"నమ్మకుండా చెప్పడం మోసం కాదా?"

"జరమున్న కాంపౌండరు ఇస్తే మందు పనిచెయ్యదా?" అన్నాడు వెంటనే.

ఈ జవాబు ఆయన సొంతం కాదని నాకు తెలుసు. పంచేవాడి అయోగ్యత వల్ల సంస్కారం చెడదని ఆంగ్లికన్ సంఘం 39 విశ్వాస సూత్రాల్లో 26వది చెబుతుంది. అంతకు వెయ్యేళ్లకు పైగా ముందు ఆఫ్రికాలో బిషప్ అగస్టీను ఇదే సంగతి మీద వాదించాడు. కానీ మామయ్య అక్కడితో ఆగలేదు. కాసేపటికి తలొంచుకుని, "అయినా మోసమేనేమో అని రాత్రిళ్లు అనిపించేది" అన్నాడు. "ఒకనాడు వానలో ఒక ముసలమ్మ ఇంటికి పోయిన. ప్రార్థన చెయ్యబోతే మాట రాలే. ఆమెనే నా నెత్తి మీద చెయ్యి పెట్టి నాకోసం చేసింది. తిరిగొచ్చేటప్పుడు గొడుగు కూడా మర్చిపోయిన." అంతే చెప్పాడు. ఆ రోజు నుంచి అంతా బాగైపోయిందని మాత్రం అనలేదు.

బయట ఆవరణలోనే అజరయ్య సమాధి. 1945 జనవరి 1న పోయారు. సంఘాలన్నీ ఒక్కటి కావాలని 1919లో తరంగంబాడిలో మొదలైన ప్రయత్నానికి ఆయన ముందు నిలబడ్డారు. చర్చి ఆఫ్ సౌత్ ఇండియా పుట్టింది 1947 సెప్టెంబరు 27న. ఇంకో రెండేళ్ల తొమ్మిది నెలలు ఉండి ఉంటే చూసేవారు. మామయ్య సమాధి మీద రాలిన ఆకులు చేత్తో తీసేశాడు. ఊడుస్తున్నామె వచ్చి, "అయ్యగారూ, నేను ఊడుస్త గదా" అని చీపురు చూపించింది. ఈయన అయ్యగారని ఆమెకెలా తెలిసిందో! ఆమె కొడుక్కి పరీక్షలట. పేరడిగి, సంచీలోంచి పుస్తకం తీసి రాసుకున్నాడు.

తిరుగు రైలు గంటన్నర లేటు. ప్లాట్‌ఫాం బెంచీ మీద మామయ్య సంచీ తలకింద పెట్టుకుని నిద్రపోయాడు. పుస్తకం ఒళ్లోంచి జారిపోతుంటే పట్టుకున్నాను. చూడకూడదనే అనుకున్నాను. ప్రతి పేరు పక్కనా సన్నటి అక్షరాల్లో ఏదో ఒకటి ఉంది: కిడ్నీ, కోర్టు కేసు, పిల్లల్లేరు, తాగుడు, దుబాయ్ వీసా. కొన్నింటికి పక్కన చిన్న టిక్కు. మా కుటుంబం పేజీ మధ్యలో నా పేరు కనిపించింది. దాని పక్కన కారణమేమీ లేదు, '1994' అని ఒక్క అంకె.

ఆ ఏడాదే మా నాన్న పోయారు. అప్పుడు మేమున్న పట్నంలోని సంఘంలో చందా బకాయి ఉందని గంట కొట్టనివ్వలేదు. రెండు వర్గాల గొడవ మధ్యలో శవం నాలుగు గంటలు ఆగింది. మామయ్య రాత్రి బస్సుకి వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆ తర్వాత నేను గుడి గడప తొక్కలేదు. ఇన్నేళ్లలో ఆయన ఒక్కసారి కూడా రమ్మనలేదు. పట్టించుకోడేమో అనుకున్నాను.

రైలు వస్తోందని అనౌన్స్ చేశారు. మామయ్య ఉలిక్కిపడి లేచి చేత్తో తడుముకున్నాడు. పుస్తకం ఇచ్చాను. "ఇయ్యాల్టివి సగమే అయినయ్ అల్లుడూ, కిటికీ సీటు దొరుకుద్దా?" అన్నాడు.