పెంచలయ్య పేరు ఎన్నిసార్లు రాయాలి?

కోతల రోజుల్లో కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం పక్క ధాన్యం కొనేవాళ్ల పద్దు పుస్తకం తెరిచి చూడండి. ప్రతి వరసలో తేదీ, రైతు పేరు, ఊరు, ఫోను, బ్యాంకు ఖాతా, ధాన్యం రకం, లోడు బరువు, ఖాళీ బరువు, పుట్టి రేటు, ఇచ్చింది, ఇవ్వాల్సింది. ఒక రైతు నాలుగు లోడ్లు తోలితే ఈ వివరాలన్నీ నాలుగుసార్లు. కాగితం మీద ఇదేం ఇబ్బంది కాదు, గుమాస్తాకి మనిషి తెలుసు. అదే పుస్తకాన్ని ఉన్నదున్నట్టు ఎక్సెల్‌లోకి ఎక్కించాకే అసలు తంటా. ఒకచోట పెంచలయ్య, ఇంకోచోట పెంచలయ్య గారు, మూడోచోట ముందు ఇంటిపేరు అక్షరం, నాలుగోచోట పెంచెలయ్య. కంప్యూటరు లెక్కలో వీళ్లు నలుగురు. పైగా నెల్లూరు జిల్లాలో రాయి విసిరితే పెంచలయ్యకే తగులుతుంది కాబట్టి, నిజంగానే వేరైన ఇద్దరు పెంచలయ్యల పద్దులు ఒకటిగా కలిసిపోవడమూ అంతే సులువు.

రిలేషనల్ డేటాబేస్ పుట్టిందే ఈ తలనొప్పికి. 1970 జూన్‌లో, ఐబీఎం అనే కంప్యూటర్ల కంపెనీలో పనిచేసే ఎడ్గర్ కాడ్ అనే ఆయన ఒక వ్యాసం అచ్చువేశాడు. సమాచారాన్ని టేబుళ్లుగా పెట్టండి, ఏది కావాలో అడగండి, డిస్కు మీద అది ఎక్కడుందో అడిగేవాడికి తెలియాల్సిన పని లేదు అన్నది అందులోని సారం. ఒక మాట ఇక్కడే చెప్పుకోవాలి. టేబుళ్ల మధ్య సంబంధాలు ఉంటాయి కాబట్టి రిలేషనల్ అన్నారని చాలా నోట్సుల్లో రాయిస్తుంటారు. అది తప్పు. గణితంలో రిలేషన్ అనేదాన్ని వరసలు, నిలువులు ఉన్న టేబుల్‌గా రాసుకోవచ్చు. కాడ్ లెక్కలో టేబులే రిలేషన్. ఒక్క టేబులే ఉన్నా అది రిలేషనల్ డేటాబేసే.

మన పద్దుని విడగొడదాం. రైతు టేబుల్‌లో ఒక్కో మనిషికి ఒక్కటే వరస: రైతు నంబరు, పేరు, ఊరి నంబరు, ఫోను, ఖాతా. ఊరు టేబుల్‌లో ఊరి నంబరు, పేరు, మండలం. కాటా టేబుల్‌లో ఒక్కో చీటీకి ఒక వరస: చీటీ నంబరు, తేదీ, రైతు నంబరు, రకం, లోడు బరువు, ఖాళీ బరువు, రేటు. చెల్లింపులకి మరో టేబుల్, ఎందుకంటే ఒక చీటీ డబ్బులు రెండు మూడు విడతల్లో ఇస్తారు. కాటా టేబుల్‌లో పేరు ఎక్కడా లేదు, పెంచలయ్య రైతు నంబరు, అంటే 17 మాత్రమే ఉంటుంది. పెంచలయ్య ఫోను మారితే ఒక్క వరస దిద్దితే చాలు, నాలుగు చీటీలకీ కొత్త నంబరే తగులుతుంది.

ఆ 17 ప్రైమరీ కీ, అంటే రైతు టేబుల్‌లో ఒక్కో వరసని వేరుగా గుర్తుపట్టే అంకె. దానికి అర్థం లేకపోవడమే దాని మంచితనం. ఫోను నంబరునే కీ చేస్తే సరిపోదా అంటారు. ఫోను మారుతుంది, తండ్రీ కొడుకులు ఒకే ఫోను వాడతారు. ఆధార్ పెడితే అది లేని చోటల్లా వరస ఆగిపోతుంది, పైగా అక్కర్లేని చోట్లకంతా ఆ నంబరు పాకుతుంది. అర్థం లేని అంకె ఎప్పటికీ మారాల్సిన పని ఉండదు. కాటా టేబుల్‌లో కనిపించే అదే 17ని ఫారిన్ కీ అంటారు. రైతు టేబుల్‌లో లేని నంబరుతో చీటీ రాయబోతే డేటాబేస్ ఒప్పుకోదు. చీటీలున్న రైతుని తీసేయబోయినా ఒప్పుకోదు.

నిలువుల రకాల దగ్గర తొందరపడొద్దు, ఎక్కువ తప్పులు ఇక్కడే. కూడికలు, తీసివేతలు చేయనిది ఏదైనా అంకెల్లో ఉన్నా సరే, అది టెక్స్టే. 12 అంకెల ఆధార్‌ని ఎక్సెల్ మామూలు గడిలో కొడితే మధ్యలో ఇంగ్లిషు E అక్షరంతో కుదించి చూపిస్తుంది. ఖాతా నంబరు 15 అంకెలు దాటితే ఇంకా ఘోరం, పదహారో అంకె నుంచి సున్నాలు చేసేస్తుంది, తర్వాత గడి రకం మార్చినా పాత అంకె తిరిగి రాదు. ముందున్న సున్నా కూడా ఎగిరిపోతుంది. ధాన్యం రకాలూ అంతే. 5204, 34449 అని నోటితో అంకెలే చెప్తాం, కానీ వాటిని ఎవరూ కూడరు.

డబ్బుకి ఫ్లోట్ రకం వాడొద్దు. ఫ్లోట్ భిన్నాలని రెండు ఆధారంగా దాచుకుంటుంది, అందులో 0.1 సరిగ్గా ఇమడదు. 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. డెసిమల్ రకం పెట్టండి, లేదంటే పైసల్లో పూర్ణాంకంగా దాచండి.

ఇప్పుడు పుట్టి సంగతి. నెల్లూరు పక్క ధాన్యం పుట్టి అంటే 850 కిలోలు. వేరే జిల్లాకి వెళ్తే పుట్టి వేరు. టేబుల్‌లో బరువు అని మాత్రమే నిలువు పెడితే, ఒక గుమాస్తా 5 అని, ఇంకొకరు 4250 అని కొడతారు. రెండూ నిజమే, కూడితే మాత్రం గంగలో కలిసినట్టే. నిలువు పేరులోనే ప్రమాణం ఉండాలి: నికర_కిలోలు. పుట్లు కావాలంటే చూపించేటప్పుడు 850తో భాగించుకోవచ్చు.

ఒక చీటీ దగ్గరగా చూద్దాం. లోడుతో 6,980 కిలోలు, ఖాళీ బండి 2,730, నికరం 4,250. అంటే సరిగ్గా 5 పుట్లు. రేటు పుట్టికి 20,000 అనుకుందాం, లక్ష రూపాయలు. ఎవరో తెలివిగా రేటుని కిలోకి మార్చి దాచారు: 20,000ని 850తో భాగిస్తే 23.5294 అలా పోతూనే ఉంటుంది, రెండు దశాంశాలకి 23.53. ఇప్పుడు 4,250ని 23.53తో గుణిస్తే 1,00,002.50. రెండున్నర రూపాయలు ఎక్కడివి? ఒక చీటీకి ఇంతేగా అనుకోవచ్చు, కానీ సీజను చివర లెక్క కలవనప్పుడు గుమాస్తా రాత్రంతా కూర్చునేది ఈ రెండున్నరల కోసమే. బేరం ఏ ప్రమాణంలో జరిగిందో రేటుని ఆ ప్రమాణంలోనే దాచాలి, భాగహారం చివర్లో ఒక్కసారే చేయాలి.

ఇక్కడ తెలివైన విద్యార్థికి ఒక అనుమానం రావాలి. సంగతి ఒక్కచోటే రాయాలన్నప్పుడు, రేటుని ప్రతి చీటీ మీదా ఎందుకు రాస్తున్నాం? రకం టేబుల్‌లో ఒక్కసారి పెట్టుకోవచ్చు కదా? పెట్టి చూడండి. రేపు రేటు పెరుగుతుంది, రకం టేబుల్‌లో దిద్దుతారు, పోయిన నెల చీటీలన్నీ కొత్త రేటుతో లెక్క చూపిస్తాయి. ఈ రోజు రేటు ఒక సంగతి, ఆ చీటీ రోజు ఒప్పుకున్న రేటు ఇంకో సంగతి. అంకె ఒకటే అయినంత మాత్రాన సంగతి ఒకటి కాదు. టేబుళ్లని ఎలా విడగొట్టాలో చెప్పే నార్మలైజేషన్ నియమాలు బట్టీపట్టిన వాళ్లు కూడా తడబడేది ఇక్కడే.

జిల్లా పేరుతో ఇదే చిక్కు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి వచ్చింది. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా (తర్వాత ప్రకాశం) ఏర్పడక ముందు కూడా అది నెల్లూరుదే. గూడూరేమో అదే రోజు తిరుపతి జిల్లాలోకి పోయింది. ప్రతి రైతు వరసలోనూ జిల్లా పేరు కొట్టిన వాళ్లు వేల వరసలు దిద్దాలి, అందులో కొన్ని తప్పకుండా మిగిలిపోతాయి. మండలం టేబుల్ ఉన్నవాళ్లకి మండలానికొక వరస. అయితే 2021 చీటీ మీద అప్పటి జిల్లా పేరే రావాలంటే, మండలం ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఏ జిల్లాలో ఉందో చెప్పే ఇంకో చిన్న టేబుల్ కావాలి.

విడగొట్టినవాటిని మళ్లీ కలిపి చూపించడం జాయిన్ పని. కాటా టేబుల్ నుంచి, రైతు నంబరు కలిసేచోట రైతు టేబుల్‌ని జతచేసి, ఈ ఎడగారు పంటకాలంలో తూచినవి మాత్రం తీసుకుని, రైతు నంబరు వారీగా గుంపుచేసి, నికర కిలోలు కూడి, పేరుతో సహా చూపించు అని డేటాబేస్‌ని అడిగే భాష ఎస్‌క్యూఎల్‌లో అడుగుతాం. పేరుతో కాదు, నంబరుతో గుంపు చేయాలి. లేదంటే ఇద్దరు పెంచలయ్యలూ మళ్లీ ఒక్కరైపోతారు. మామూలు జాయిన్‌లో ఒక్క చీటీ కూడా లేని రైతు అసలు కనిపించడు. వాళ్లు కూడా రావాలంటే రైతు టేబుల్‌ని ముందు పెట్టి లెఫ్ట్ జాయిన్ వాడాలి. అలాంటప్పుడు సీజను షరతుని వేర్‌లో (వరసల్ని వడకట్టే మాట) కాకుండా ఆన్‌లో (టేబుళ్లు ఎక్కడ కలవాలో చెప్పే మాట) రాయాలి, వేర్‌లో రాస్తే వాళ్లు మళ్లీ రాలిపోతారు.

నల్ అంటే సున్నా కాదు, ఖాళీ టెక్స్టూ కాదు. తెలియదు అని అర్థం. తేమ నిలువులో సున్నా ఉంటే తేమ లేనట్టు, నల్ ఉంటే ఇంకా కొలవనట్టు. తేమ ఈక్వల్స్ నల్ అని అడిగితే ఒక్క వరసా రాదు, తెలియనిది తెలియనిదానికి సమానమో కాదో కూడా తెలియదు కదా. ఈజ్ నల్ అనే అడగాలి.

తెలుగులో పేర్లు కొట్టేవాళ్లకి ఒక ముచ్చట. పెంచలయ్య మన కంటికి నాలుగు అక్షరాలు. అన్ని భాషల గుర్తులకీ నంబర్లిచ్చే యూనికోడ్ లెక్కలో ఎనిమిది: ప, ఎత్వం, సున్న, చ, ల, య, పొల్లు, మళ్లీ య. వాటిని దాచే పద్ధతి యూటీఎఫ్-8లో తెలుగు గుర్తుకి మూడు బైట్లు చొప్పున మొత్తం 24. ఇంగ్లిషు పేర్లు చూసి నిలువు పొడవు 10 అని పెడితే ఇంటిపేరు తోక తెగుతుంది. పేరు బదులు వరసగా ప్రశ్న గుర్తులు కనిపిస్తే అక్షరాలు దాచేటప్పుడే పోయాయి, టేబుల్ తెలుగు పట్టని రకంలో ఉంది, మళ్లీ కొట్టడమే గతి. ప్రశ్న గుర్తులు కాక ఏవో యూరప్ అక్షరాల గజిబిజి కనిపిస్తే భయం లేదు, చాలాసార్లు డేటా బాగానే ఉంటుంది, చదివేవాడు తప్పు రకంలో చదువుతున్నాడు. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో యూటీఎఫ్8ఎంబీ4 పెట్టుకుంటే ఎమోజీలతో సహా అన్నీ పడతాయి.

ఇప్పుడు ఆ రైతు ఫోనులో తన లెక్క చూసుకోవాలి. బ్రౌజరు ఎప్పుడూ డేటాబేస్‌ని ముట్టుకోదు. అది ముందు డీఎన్ఎస్‌ని అడిగి సైటు పేరుకి ఐపీ అడ్రసు తెచ్చుకుంటుంది, 443 పోర్టులో (పోర్టు అంటే సర్వరుకున్న నంబరు తలుపు లాంటిది) సర్వరుకి తగిలి పేజీ కావాలంటుంది. సర్వరు మీదున్న ప్రోగ్రాం డేటాబేస్‌ని అడిగి, వచ్చిన వరసల్ని హెచ్‌టీఎంఎల్‌గా అల్లి పంపుతుంది. డేటాబేస్ పోర్టు, అంటే మైఎస్‌క్యూఎల్‌కి 3306, బయటి ఇంటర్నెట్‌కి తెరిచి ఉండకూడదు. పేజీ రాకపోతే నంబరు చూడండి. 404 అంటే సర్వరు దొరికింది, అడిగింది అక్కడ లేదు. 500 అంటే లోపల ప్రోగ్రాం తప్పింది, ఫోనుని తిట్టి లాభం లేదు.

బ్రౌజరు సర్వరుకి పంపే కోరికల్లో చూడటానికి గెట్, మార్చడానికి పోస్ట్. కళ్లం దగ్గర సిగ్నలు అంతంతమాత్రం, గుమాస్తా సేవ్ నొక్కుతాడు, చక్రం తిరుగుతూనే ఉంటుంది, మళ్లీ నొక్కుతాడు. రెండు కోరికలూ సర్వరుకి చేరితే 4,250 కిలోలు 8,500 అవుతాయి. బటన్‌ని మసకబార్చడం పైపూత. అసలు మందు డేటాబేస్‌లోనే ఉంది: చీటీ నంబరు నిలువుని యూనిక్ చేయండి, రెండోది తిరస్కరణకి గురవుతుంది. సేవ్ అయ్యాక వేరే పేజీకి రీడైరెక్ట్ చేస్తే రీఫ్రెష్‌తో వచ్చే బెడదా తప్పుతుంది.

వెతుకు పెట్టెలో కొట్టిన పేరుని ఎస్‌క్యూఎల్ వాక్యంలో నేరుగా అతికించొద్దు. ఒక కోట్ గుర్తు పెట్టి, ఆ తర్వాత ఎప్పుడూ నిజమయ్యే షరతు కొడితే అందరి ఖాతాలూ బయటపడతాయి. వాక్యంలో ప్రశ్న గుర్తు ఉంచి, పేరుని విడిగా పంపితే డేటాబేస్ దాన్ని పేరుగానే చూస్తుంది, ఆజ్ఞగా కాదు.

ల్యాప్‌టాప్‌లో చేసిన సైటుని స్నేహితుడి ఫోనులో లోకల్‌హోస్ట్ అని కొట్టి, రావట్లేదనే వాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. లోకల్‌హోస్ట్ అంటే ఎవరి యంత్రం వాళ్లకే. ఇద్దరూ ఒకే వైఫైలో ఉండి, ల్యాప్‌టాప్ ఐపీ కొట్టాలి, ఎక్కువ చోట్ల అది 192.168తో మొదలవుతుంది. అప్పటికీ రాకపోతే ల్యాప్‌టాప్ ఫైర్‌వాల్ అడ్డుపడుతుండొచ్చు.

ఎస్‌క్యూఎల్‌లైట్ అనే చిన్న డేటాబేస్‌తో ఒక్క గంటలో ఇదంతా చేసి చూడొచ్చు, సర్వరు అక్కర్లేదు, డేటాబేస్ మొత్తం ఒకటే ఫైలు. రైతు, ఊరు, కాటా టేబుళ్లు పెట్టి పది చీటీలు ఎక్కించండి. తర్వాత రైతు టేబుల్‌లోంచి 17ని డిలీట్ చేయబోండి. వేర్ మరిచిపోవద్దు సుమా, లేకపోతే రైతులందరికీ గురిపెట్టినట్టే. డేటాబేస్ ఎదురు తిరిగితే ఫారిన్ కీ పనిచేస్తోంది. కిక్కురుమనకుండా తీసేసిందంటే ఫారిన్ కీస్ ప్రాగ్మా అనే సెట్టింగు ఆన్ చేయలేదన్నమాట. ఎస్‌క్యూఎల్‌లైట్‌లో అది మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది, డేటాబేస్‌కి తగులుకున్న ప్రతిసారీ మళ్లీ ఆన్ చేసుకోవాలి.