అవ్వ రూపాయి మీద రెండు అక్షరాలు

అవ్వ ట్రంకు పెట్టెలో దొరికిన 1840 నాటి వెండి రూపాయిని తూకం వేయిద్దామని నిన్న తిరుపతి గాంధీరోడ్డులో ఆచారి దగ్గరికి వెళ్లా. ఆయన భూతద్దం నా చేతికిచ్చి, "విక్టోరియా రాణి మెడ కింద చూడు నాయనా" అన్నారు. రెండు డబ్ల్యూలు! ఈ రాణి బొమ్మ చెక్కిన విలియం వైయన్ పొడి అక్షరాలవి.

ఇంటికొచ్చి చదివాను. 1795లో బర్మింగ్‌హామ్‌లో అచ్చులు చెక్కేవాళ్ల ఇంట్లో పుట్టాడు. 1828లో లండన్ టంకశాలకు చీఫ్ ఎన్‌గ్రేవర్, అంటే అచ్చులు చెక్కేవాళ్లకు పెద్ద. ప్రపంచపు తొలి తపాలా బిళ్ల మీది రాణి ముఖానికీ ఆయన చెక్కిన పతకమే ఆధారమట.

నాణెం కొట్టే ఉక్కు అచ్చు మీద బొమ్మ తిరగబడి, లోపలికి ఉండాలి. "ఉంగరంలో పేరు చెక్కడానికే నాకు కళ్లు లాగుతాయి" అన్నారు ఆచారి. ఇన్నేళ్లూ అరిగినా రూపాయి మీద రాణి జుట్టు పాయలు ఇంకా కనిపిస్తున్నాయి!

తూకం సంగతి మాత్రం ఇద్దరం మర్చిపోయాం.