హైవే 23 చివర రొయ్యల పడవ

అమెరికాలోని లూసియానాలో, న్యూ ఆర్లీన్స్ దిగువన ఉన్న బెల్ షాస్ దాటి హైవే 23 మీద దక్షిణానికి పోతుంటే మిసిసిపీ నది పక్కనే ఉంటుంది, కానీ కంటికి కనపడదు. ఒకవైపు నది కరకట్ట, ఇంకోవైపు ఉప్పునీళ్లు రాకుండా కట్ట, మధ్యలో సన్నటి నేల. నదిని చూద్దామని హ్యూస్టన్ నుంచి అంత దూరం కారు నడుపుకొచ్చి గంటన్నర సేపు గడ్డి మొలిచిన గట్టు చూడాల్సి వస్తే చిరాకేసింది. అయితే నది నీళ్లను చిత్తడిలోకి మళ్లించాలా వద్దా అన్న ఇక్కడి తగువంతటికీ మూలం ఆ గట్టే.

1927 వరదల తర్వాత ఈ కట్టలను గట్టిగా బిగించేశారు. చిత్తడి నేలల మీద పరుచుకోవాల్సిన ఒండ్రు గల్ఫ్ ఆఫ్ మెక్సికో లోతుల్లోకి పోతోంది. చమురు కోసం తవ్విన కాలువలు దానికి తోడయ్యాయి. 1930ల నుంచి లూసియానా దాదాపు 5,000 చదరపు కిలోమీటర్ల నేల పోగొట్టుకుంది. అందుకే ఐరన్‌టన్ దగ్గర కట్టకు గేట్లు పెట్టి, బారటేరియా చిత్తడిలోకి 75,000 క్యూసెక్కుల దాకా నది నీళ్లు మళ్లించాలనుకున్నారు. పోతిరెడ్డిపాడు 44,000 మీద మన దగ్గర ఎంత రగడ జరిగిందో తెలిసిందే కదా! 2010లో సముద్రంలో జరిగిన చమురు ప్రమాదం పరిహారం సొమ్ముతో, సుమారు 300 కోట్ల డాలర్ల పని. 2023లో మొదలుపెట్టారు. ప్లాకమిన్స్ స్థానిక ప్రభుత్వం కోర్టుకెక్కింది, గవర్నర్ జెఫ్ లాండ్రీ కూడా వ్యతిరేకించారు, 2025 జులైలో రద్దయింది. అప్పటికే 50 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది.

ఈ హైవే చివరి ఊరు వెనిస్‌లో మధ్యాహ్నం వేయించిన రొయ్యల ప్లేటుకు 22 డాలర్లు తీసుకున్నారు. రేవులో పడవ దగ్గర నిలబడ్డ పెద్దాయన ఆ రేటు విని తల అడ్డంగా ఊపాడు. ఆయనకు టోకు కొనేవాళ్లు పౌండుకు డాలరు కూడా ఇవ్వని రోజులున్నాయట. ఐసుపెట్టె మూత తీసి చూపించాడు. తెల్లరొయ్యలు, తలలతో, మీసాలు పెనవేసుకుని ఉన్నాయి. ఎక్కడివాడివని అడిగాడు. ఇండియా అన్నాను. ఆయన చేతులు ఐసులోనే ఆగిపోయాయి. మీ చెరువుల రొయ్యలే మా రేటు పడగొట్టాయి అన్నాడు, గొంతు పెంచకుండానే. ఏమని జవాబు చెప్పను? చాలా ఏళ్లుగా అమెరికాకు ఎక్కువ రొయ్యలు పంపుతూ వచ్చింది మన దేశమే, అందులోనూ మన ఆంధ్ర.

నది నీళ్ల సంగతి ఎత్తాక మాత్రం ఆయన ఆగలేదు. మంచినీళ్లు పడితే ఆయిస్టర్లు, అంటే తినే ఆల్చిప్పలు, చస్తాయి, గోధుమరంగు రొయ్య పిల్ల నిలవదు, డాల్ఫిన్ల ఒంటి మీద పుండ్లు పడతాయి అన్నాడు. వట్టి భయం కాదిది. 2019లో మిసిసిపీ వరద నీళ్లు మళ్లించే బానెట్ క్యారే గేట్లు నెలల తరబడి తెరిచి ఉంచితే మిసిసిపీ సౌండ్ అనే తీరపు ఉప్పునీటి పాయ‌లో ఆయిస్టర్లు తుడిచిపెట్టుకుపోయాయి. ఇసుక తోడి పోసి నేల కట్టుకోమంటాడాయన. పోసిన నేల కూడా కుంగుతుంది, ఏటా ఒండ్రు అందకపోతే నిలవదు అన్నాను. అదీ నిజమేనని ఒప్పుకున్నాడు.

నాకు కైకలూరు గుర్తొచ్చింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో +5 కాంటూరు (సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) లోపలి చెరువుల గట్లు తెగ్గొట్టినప్పుడు మా మేనమామ చెరువూ పోయింది. సరస్సు బతకాలన్న మాట తప్పు కాదు, ఈ రోజుకీ నేను ఆ మాట మీదే ఉన్నాను. కానీ లీజు చెరువు కాబట్టి మామకు పైసా రాలేదు. పక్షులకు నీడ ఇచ్చే ముందు మామ అప్పు లెక్క ఎవరో ఒకరు చూడాల్సింది. ఇక్కడ నష్టపరిహారానికి డబ్బు పక్కన పెట్టారు, ఆ మేరకు నయం. అయినా వేట పోయినవాడికి చెక్కు ఇచ్చి ఊరుకోమంటే ఎలా?

ఇక్కడి పెద్ద మళ్లింపు రద్దయ్యాక మిర్టిల్ గ్రోవ్ దగ్గర అంతకంటే చిన్న మళ్లింపు ఆలోచన ముందుకొచ్చింది. అదైనా ఒప్పుకుంటావా అని అడిగాను. రొయ్య పిల్ల లోపల పెరిగే ఏప్రిల్, మే నెలల్లో గేటు మూస్తామని కాగితం మీద రాసిస్తే ఆలోచిస్తా అన్నాడు. వసంతంలోనే కదా నది పొంగేది, ఒండ్రు వచ్చేది అన్నాను. ఆ సంగతి ఆయనకు నాకంటే బాగా తెలుసు. నాలుగు పౌండ్లు తూచి, డబ్బు లెక్కపెట్టుకుని, అయితే వాళ్లూ మేమూ ఏ నెల వదులుకుంటామో ముందు కూర్చుని తేల్చుకోవాలి అన్నాడు.