చరిత్ర తెలియని బండి

సెకండ్ హ్యాండ్ డీజిల్ రెనో డస్టర్ కారు తీసుకున్నాం. బండి చక్కగా ఉంది కానీ సర్వీస్ బుక్ లేదు, ఒక్క బిల్లూ లేదు. అమ్మినాయన "అన్నీ చేయించేశామండీ" అన్నారు. "కాగితం లేని పని చేయనట్టే లెక్క" అని మా మెకానిక్ బాబాయ్ బానెట్ ఎత్తకముందే తేల్చేశారు. నాకూ అదే సబబు అనిపించింది.

ముందు టైమింగ్ బెల్ట్, అంటే ఇంజిన్‌లో పిస్టన్లు, వాల్వులు ఒకే లయలో కదిలేలా చూసే పట్టీ. ఈ 1.5 డీజిల్ ఇంజిన్‌కి చైన్ ఉండదు, రబ్బరు బెల్టే. నడుస్తుండగా తెగితే పిస్టన్లు వాల్వులకు తగిలి ఇంజిన్ విప్పాల్సి వస్తుంది. వాటర్ పంపుతో సహా మార్పించేశాం. ఖర్చు గట్టిగానే అయింది, కానీ రాత్రిపూట హైవే మీద ఆ టెన్షన్ ఇక లేదు.

టైర్ల గీతలు లోతుగానే ఉన్నాయి. బాబాయ్ టార్చ్ వేసి పక్కన అచ్చొత్తిన నాలుగంకెలు చూపించారు: 2315. అంటే 2015లో 23వ వారంలో తయారైంది. వేలితో నొక్కితే సన్నటి పగుళ్లు విచ్చుకుంటున్నాయి. స్టెప్నీతో సహా అన్నీ తీయించేశాం.

బ్రేక్ ఆయిల్ అయితే కాఫీ డికాక్షన్‌లా నల్లగా వచ్చింది. అది గాలిలో తేమ పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిల్ త్వరగా మరుగుతుంది, ఘాట్ దిగేటప్పుడు పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. పిల్లల్ని ఎక్కించుకుని అరకు ఘాట్ దిగాల్సిన బండి ఇది, ఇక్కడ మాత్రం బేరాల్లేవు. రెండేళ్లకోసారి మార్చాల్సిందే.

కూలెంట్, గేర్ ఆయిల్, ఫిల్టర్లు మార్చడం కూడా అయిపోయింది. ఏ కిలోమీటర్ దగ్గర ఏం మార్చామో గ్లోవ్ బాక్స్‌లో నోట్‌బుక్ పెట్టి రాస్తున్నాను. రేపు ఎవరు కొన్నా ఆ పుస్తకం బండితోపాటే ఇస్తాను. ముందు చక్రాల సస్పెన్షన్‌లో బుష్‌ల (కీళ్ల దగ్గరి రబ్బరు ముక్కల) చప్పుడు ఒకటి మిగిలింది, జీతం పడగానే దాని పని.