విశాఖ కొండల్లో గుంపు నడక: ఈ సీజన్ దిగుడు లెక్కలు

అక్టోబర్

వానలు తెరిపివ్వగానే మా కొండ నడక గుంపు పని మొదలైంది. విశాఖ చుట్టూ ఉన్న కొండలు చిన్నవే. కొత్తగా చేరినవాళ్లు ఎక్కడానికి భయపడతారు కానీ, ఇక్కడ కాలు జారేదీ మడమ మెలిపడేదీ చాలావరకు దిగేటప్పుడే. అందుకు కారణం రాయి. తూర్పు కనుమల్లో ఎక్కువగా కనిపించే ఖోండలైట్ అనే రాయి ఎండకీ వానకీ చివికిపోయి, గట్టి నేల మీద పలుచగా ఎర్ర గరుసు మిగులుస్తుంది. ఆ గరుసు మీద అడుగేస్తే రాగులు పోసిన గచ్చు మీద నడిచినట్టే ఉంటుంది. బూటు ఎంత ఖరీదైనదైనా పట్టు దొరకదు.

అందుకే ఈసారి సమయాన్ని కింది నుంచి పైకి లెక్కేశాం. ఎన్నింటికి రోడ్డు మీదకి రావాలో ముందు రాసుకుని, అందులోంచి దిగడానికి పట్టే సమయం తీసేస్తే వచ్చేదే వెనుదిరగాల్సిన వేళ. అది అయిందంటే పైకొన పది నిమిషాల దూరంలో ఉన్నా తిరుగు ప్రయాణమే. దీని మీద బేరాల్లేవు.

నడకకి 1892 నాటి నైస్మిత్ సూత్రమే వాడుతున్నాం: సుమారు 5 కిలోమీటర్లకి ఒక గంట, పైకెక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. అయితే అది స్కాట్లాండ్ చలిలో పుట్టిన లెక్క. మన ఉక్కపోతలో, పదిహేను మంది గుంపుతో, వచ్చిన సమయాన్ని ఒకటిన్నర రెట్లు చేయాలి. 6 కిలోమీటర్ల దారి, 300 మీటర్ల ఎక్కుడు అనుకుందాం. సూత్రం ప్రకారం గంటా 42 నిమిషాలు. మన చార్టులో రాసేది రెండున్నర గంటలు. దిగుడు కదా అని తగ్గించం, గరుసు దారిలో దిగడానికీ దాదాపు ఎక్కినంతసేపూ పడుతుంది.

పొద్దు సంగతి కూడా ఉంది. విశాఖ బాగా తూర్పున ఉండడం వల్ల నవంబర్ చివర్లో సాయంత్రం 5:20 ప్రాంతంలోనే పొద్దు కుంకుతుంది. హైదరాబాద్ అలవాటుతో వచ్చినవాళ్లు ఇంకో ఇరవై నిమిషాల వెలుతురు ఉందనుకుంటారు. మధ్యాహ్నం నడకకైనా సరే, తలకి కట్టుకునే లైటు సంచిలో లేకపోతే గుంపులోకి తీసుకోవడం లేదు.

నవంబర్

దిగుడు సాధనకి సింహాచలం మెట్లకి మించినది దొరకలేదు. వెయ్యికి పైగా మెట్లు కాబట్టి తొడ కండరాలకి సరిపోయినంత పని. గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లూ నడిచేసినవాళ్లకి కూడా ఈ సాధన కావాలి. ఆ దారి ఎక్కువగా రోడ్డే, దాని వల్ల దమ్ము వస్తుంది కానీ, దిగేటప్పుడు ఒంటి బరువుని ఆపే బలం వేరు. వారానికి రెండుసార్లు, మధ్యలో కనీసం రెండు రోజుల విరామంతో దిగితే చాలు. మోకాలి చిప్ప కింద నొప్పి మొదలైతే ఆ వారానికి ఆపేయాలి.

గరుసు మీద దిగే పద్ధతి ఇది. మోకాళ్లు కొంచెం వంచి ఉంచాలి, అడుగు చిన్నది, పాదం మొత్తం ఒకేసారి ఆనాలి. భయంతో వెనక్కి వాలితే బరువంతా మడమ మీద పడి కాలు ముందుకు జారుతుంది, చాలామంది వెల్లకిలా పడేది ఇందుకే. చేతికర్రని ఎక్కేటప్పటి కంటే 5 నుంచి 10 సెంటీమీటర్లు పొడవు చేసుకోవాలి. అల్యూమినియం కర్ర అయితే ఇంటికెళ్లాక కీళ్లు విప్పి మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి, సముద్రపు ఉప్పుగాలికి లాకులు బిగుసుకుపోతాయి.

మనిషికీ మనిషికీ మధ్య మూడు మీటర్లు. రాయి కదిలితే ఎవరి వల్లనైనా సరే "రాయి!" అని గట్టిగా అరవాలి. అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్లు ముందున్న నాయకుడి వెంటనే, రెండో స్థానంలో నడుస్తారు. వాళ్లని చివర పెడితే గుంపు తెగిపోతుంది, పైగా వాళ్లు చేరుకునేసరికి మిగతావాళ్ల విశ్రాంతి అయిపోతుంది, వాళ్లకి మాత్రం కూర్చునే వీలే ఉండదు. చివర నడిచే మనిషి వెనక ఎవరూ మిగిలిపోకూడదు. ప్రతి చీలిక దగ్గరా తలా ఒక నంబరు చెప్పుకుంటాం. తలలు లెక్కపెట్టడం కంటే ఇది నమ్మకం, ఎవరు లేరో వెంటనే తెలుస్తుంది.

బూట్ల విషయంలో ఒక హెచ్చరిక. పాలీయురితేన్ సోలు ఉన్న బూట్లు వాడకుండా అలమరలో నాలుగైదేళ్లు ఉంటే, మన తేమకి లోపల పొడిపొడిగా విడిపోతాయి. పైకి కొత్తవాటిలాగే ఉంటాయి, కొండ మధ్యలో సోలు ఊడి వస్తుంది. బయలుదేరే ముందు బొటనవేలితో సోలు పక్కన గట్టిగా నొక్కి చూడాలి, పగుళ్లు కనిపిస్తే వేసుకోవద్దు. నాయకుడి సంచిలో ప్లాస్టిక్ జిప్ టైలు, గుడ్డ టేపు ఉంటాయి. సోలు ఊడితే పాదం చుట్టూ రెండు చోట్ల బిగిస్తే రోడ్డు దాకా వస్తుంది.

డిసెంబర్, జనవరి

కంబాలకొండ అభయారణ్యం సుమారు 70 చదరపు కిలోమీటర్లు. చిరుతలు తిరిగే అడవి కాబట్టి అటవీ శాఖ అనుమతి లేకుండా, వాళ్లు చూపిన దారి దాటి అడుగు వేయకూడదు. ఇక్కడ అసలు ఇబ్బంది చిన్నవాటితోనే. దూలగొండి కాయల నూగు ఈ నెలల్లో గాలికి ఎగురుతుంది. ఒంటికి అంటితే గోకొద్దు, టేపు అంటించి పీకేసి, తర్వాత సబ్బుతో కడగాలి. పొదల్లో కూర్చోవద్దు, ప్యాంటు అంచులు మేజోళ్లలోకి దోపాలి. ఇంటికి రాగానే స్నానం చేసి, చంకలు, నడుం, మోకాళ్ల వెనక పిడుదులేమైనా పట్టాయేమో చూసుకోవాలి. నడక తర్వాత మూడు వారాల లోపు జ్వరం వస్తే, ముఖ్యంగా ఒంటి మీద నల్లటి పొక్కులాంటి మచ్చ ఉంటే, పొదల్లో తిరిగిన సంగతి డాక్టరుకి చెప్పి తీరాలి. పొదల్లోని కంటికి ఆనని సన్నటి పురుగులు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం అయితే, త్వరగా పట్టుకుంటే మందుతో తగ్గిపోతుంది, ఆలస్యమైతే ప్రాణం మీదకి వస్తుంది.

భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలకి వెళ్లినప్పుడు గట్లు ఎక్కడం పూర్తిగా మానేశాం. 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించిన చోటు అది. అంచు మీద ఒక్క అడుగు పడినా మట్టి విరిగి కిందకి వస్తుంది. గండ్ల అడుగున వరసగా నడవాలి, వాన సూచన ఉంటే అసలు వెళ్లకూడదు.

మార్చి నుంచి

గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. కాబట్టి ఎక్కుడు తెల్లారకముందే మొదలుపెట్టి, 8:30కల్లా రోడ్డు మీద ఉండాలి. నైస్మిత్ సమయాన్ని ఇప్పుడు రెండింతలు చేయాలి. మనిషికి 3 లీటర్ల నీళ్లు, అందులో లీటరుకి ఒక పెద్ద ఓఆర్‌ఎస్ ప్యాకెట్ పూర్తిగా కలపాలి. సగం ప్యాకెట్ వేస్తే ఉప్పు చాలదు. తినడానికి అనకాపల్లి బెల్లంతో చేసిన పల్లీ పట్టీ, నిమ్మకాయ పులిహోర. పెరుగన్నం ఈ ఎండకి తొందరగా పులిసిపోతుంది.

తలనొప్పి, వికారం, రోమాలు నిక్కబొడుచుకోవడం కనిపిస్తే నడక ఆపి నీడలో పడుకోబెట్టాలి. మాట తడబడితే అది వడదెబ్బ. బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి గాలి విసురుతూ 108కి ఫోన్ చేయాలి. అంబులెన్సు ఎక్కడికి రావాలో ముందే తెలియాలి. అందుకే ఏప్రిల్ చార్టులో ప్రతి దారికీ దగ్గరి రోడ్డు మలుపు, అక్కడికి స్ట్రెచర్ మోసుకెళ్లడానికి పట్టే నిమిషాలు కొత్త గడిగా చేరుస్తున్నాం.